పెద్దమ్మ ఏరిన నకలు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే కాశీబుగ్గ నుంచి ఫోన్ వచ్చింది. మా పెద్దమ్మ నిద్రలోనే పోయింది. తెల్లారినా వాకిలి ఊడవలేదేమిటా అని పక్కింటామె తలుపు తోసి చూస్తే తెలిసిందట. నాకు రెండేళ్లప్పుడు మా అమ్మ పోతే, అమ్మకి అక్కయిన ఈవిడే నన్ను తెచ్చుకుని పెంచింది. అందరికీ తల్లి ఒకసారే పోతుంది. నాకిది రెండోసారి.

పెద్దమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరేది. రాశి ముందు కూర్చుందంటే విరగని గుండు ఒక పక్కకి, రెండుగా చీలిన బద్ద ఒక పక్కకి, ముక్క ఇంకో పక్కకి. నోరు కబుర్లు చెబుతూనే ఉండేది, చేతులు మాత్రం తప్పేవి కావు. ఇంట్లోనూ అదే వరస. వంకాయలైనా, చీరలైనా, నాకొచ్చిన పెళ్లి సంబంధాలైనా సరే. ఒక సంబంధం వాళ్లు గుమ్మం దాటారో లేదో, "బద్దే. పైకి గుండునాగ అవుపిస్తన్నాడు గానీ మజ్జిలో సీలికుంది" అని తేల్చేసింది. ఆ మాట నిజమేనని ఏడాది తిరక్కుండానే ఊరందరికీ తెలిసింది.

మా అమ్మ ఫొటో ఒక్కటి కూడా లేదు. ఉన్నదల్లా ఒక సినిమాలో కొద్ది క్షణాలు. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు భావనపాడు సముద్రం ఒడ్డున ఏదో సినిమా తీస్తూ, గుంపుగా నడవడానికి చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లని పిలిచారట. అందులో మా అమ్మ తట్ట నెత్తికెత్తుకుని ఇటు తిరిగి నవ్వుతుంది. అంతే. ఆడని సినిమా. ఎన్నో ఏళ్ల తర్వాత దాని సీడీ బజారులో పెద్దమ్మ కంటబడితే కొనేసింది. మళ్లీ ఎంత వెతికినా ఇంకొకటి దొరకలేదు.

అలాంటిదాన్ని బీరువాలో దాచుకోవాలా వద్దా? మా వైపు పెళ్లి సీడీలు ఇల్లిల్లూ తిరిగినట్టు, దీన్ని కూడా అడిగిన ప్రతివాళ్లకీ ఇచ్చేది. నాకు ఒళ్లు మండిపోయేది. "సూడనీవే. మీ యమ్మని నలుగురూ సూత్తే దానికేటి తరుగు?" అనేది. తరుగు ఏమిటో సీడీ మీద గీతలు చూస్తే తెలిసేది. పైగా ఒక వానాకాలం దానికి చెమ్మపట్టి మసకబారింది.

అప్పటికి నేను టెక్కలిలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. ఎవరో వాడి అమ్మేసిన కంప్యూటర్ ఒకటి కొని ఇంట్లో పెట్టి, ఆదివారం దీనికి నకలు తీస్తానన్నాను. శనివారమే పెద్దమ్మ నాకు సాయం చేసిపెట్టింది. పప్పు మీద పొట్టు ఊడడానికి ఆరబెట్టే వేడి పెట్టె ఫ్యాక్టరీలో ఉంటుంది. అందులో పప్పు పళ్లెంతోపాటు సీడీని కూడా పెట్టింది.

సాయంత్రం తనే తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒక పక్క అంచు అప్పడంలా లేచిపోయింది.

"పప్పుకి సెమ్మ తీస్తాది గదా, దీనికీ తీస్తాదని ఎట్టీసినాను. తప్పు నాదే. తిట్టాలంటే తిట్టీ, లోపలెట్టుకోకు."

తిట్టాను. చాలా తిట్టాను. "ఉన్న ఒక్క అమ్మనీ కాల్చేశావు" అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇప్పుడు ఏం చేసుకోను? ఆవిడ మర్నాడు తలస్నానం చేసి వచ్చి, కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు నా పక్కన కూర్చుంది.

సీడీ గుర్రుమంటూ తిరిగింది. ఇంకెన్నిసార్లు తిరుగుతుందో నమ్మకం లేదు. నా దగ్గర మూడు సాఫ్ట్‌వేర్లున్నాయి. మొదటిది కొన్నాళ్లు ఉచితంగా వాడుకోమని ఇచ్చినది. సముద్రం సీను రాకముందే ఆగిపోయింది, తీసినంత మేరా బొమ్మకి అడ్డంగా తన పేరు వేసుకుంది. "ఈడెవుడే, మజ్జిలో నిలబడ్డాడు?" అంది పెద్దమ్మ.

రెండోది అరగంటలో మొత్తం తీసేసింది. బొమ్మ తేటగా ఉంది. అయితే చదవలేని చోటు వస్తే చెప్పాపెట్టకుండా దాటేస్తుంది. అమ్మ తట్ట ఎత్తుకోవడం కనబడింది, వెంటనే పడవలు వచ్చేశాయి. నవ్వు లేదు.

మూడోది మొండిది. చదవలేని చోటే ఆగి, మళ్లీ మళ్లీ తిప్పి, దొరికినంత పట్టుకొస్తుంది. పూటంతా పడుతుంది. అంతసేపు తిరిగితే ఆ వంకర సీడీ పగలొచ్చు. అందుకని రెండో నకలే ఉంచుకుని, అసలు సీడీని భద్రంగా దాచుకుందామని క్లాసులో చెప్పినట్టు చెప్పాను.

పెద్దమ్మ రెండో నకలు మళ్లీ వేయించుకుని, తెరకి మొహం దగ్గరగా పెట్టి చూసింది.

"ఇది గుండే, నాను కాదన్ను. కానీ మనకి కావల్సిందాన్నే ఏరి పారేసినాది. ఆ మొండిదాన్ని ఎట్టు. ముక్కలొత్తే ముక్కలే రానీ. ముక్క మాత్రం పప్పు కాదేటి?"

"సీడీ పగిలిపోతే?"

"ఇంకో పాలి తిట్టుదువు గానీ. అవుపడని మనిసిని బీరువాలో ఎట్టుకుని ఏటి సేత్తామే?"

ముప్పై ఏళ్లుగా ముక్కని పక్కకి నెట్టిన చెయ్యి అది. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని పిల్లలు అడిగితే అప్పటిదాకా నేను వేగం గురించి చెప్పేదాన్ని. నీకేది పోకూడదో ముందు అది చెప్పు అని అడగడం ఆ రోజు నుంచే మొదలుపెట్టాను.

మూడోది మధ్యాహ్నం దాటేదాకా నడిచింది. ఇంట్లో పొయ్యి వెలగలేదు. డ్రైవు చప్పుడు మారినప్పుడల్లా పెద్దమ్మ నా భుజం గట్టిగా పట్టుకునేది. చివరికి వచ్చింది. తట్ట ఎత్తుకున్న అమ్మ, తర్వాత తెరంతా గళ్లు గళ్లు, బొమ్మ ఆగి ఆగి కదిలి, ఆ గళ్ల మధ్య నుంచి నవ్వు. ఇద్దరం కావలించుకుని ఏడ్చాం. సీడీ బయటికి తీస్తే నడిమి కన్నం నుంచి అంచు దాకా బీట. అది మళ్లీ తిరగలేదు. పెద్దమ్మ మాత్రం నా చేత ఇంకో నాలుగు నకళ్లు తీయించి, వారం తిరక్కుండా ఊరి మీదకి పంపేసింది.

మొన్న పదో రోజున, పెద్దమ్మతో కలిసి పప్పు ఏరిన ఒకామె ఆ సినిమా చూడాలని అడిగింది. వేశాను. లెక్కలేనన్నిసార్లు చూసిన బొమ్మే, అయితే నేనెప్పుడూ అమ్మ మొహం దాటి చూడలేదు. గళ్ల దగ్గర బొమ్మ ఆగగానే ఆమె లేచి తెర మూల మీద వేలు పెట్టింది.

"అదుగో, మీ పెద్దమ్మ. సంకలో ఉన్నది నువ్వే. ఆ దినం తట్ట నెత్తినెట్టి మీ యమ్మని నడవమన్నాది ఇదే గదా. నాకు ఎన్ని పాలీలు సెప్పినాదో. నీకు సెప్పలేదేటి?"

చెప్పలేదు. ఒక్కసారి కూడా చెప్పలేదు.

బొమ్మ అక్కడే ఆపి దగ్గరగా చూశాను. ఇసుకలో వీపు మనవైపు పెట్టి పెద్దమ్మ నిలబడి ఉంది. ఎండ తగలకుండా నా నెత్తి మీద కొంగు కప్పి, నా చెయ్యి పట్టుకుని అమ్మకి ఊపిస్తోంది. అమ్మ మా ఇద్దరినీ చూసి నవ్వుతోంది.