కొక్కేనికి తగిలించిన ఆకుపచ్చ గుడ్డ

మూడేండ్ల కిందట, ఎండాకాలం, ఒక ఆదివారం, సాయంత్రం నాలుగుంబావు. గంట చూడడం అప్పటికే వచ్చు నాకు. అక్షరాలే రావు. ఆ నాలుగుంబావును కడుపులో పెట్టుకొని తిరుగుతాండా. ఎవరికీ చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలీదు, అందుకే నీకు చెప్తాండా.

పులివెందుల నుంచి లింగాల పోయే దోవలో, ఒకప్పుడు చీనీకాయలు, అదే బత్తాయిలు, ఏరి పెట్టెలకెత్తే పాత షెడ్డులో, దిక్కులేని జంతువులను సాకుతాంటిమి. జీతం లేదు, ఏమీ లేదు. కంచెతీగలో కాలు తెగిన నక్క, ఫారెస్టోళ్లు అప్పజెప్పిన నక్షత్ర తాబేళ్లు, ఒక కొండచిలువ. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు చేసి దిగిపోయిన ఓబులేసు సారు అన్నిటికీ పెద్ద. ఆటో గంగన్న మార్కెట్లో మిగిలిన పండ్లు తెచ్చేవాడు. నేను తోటల్లో కూలి చేతగాక, ఈడ గూళ్లు కడిగి తిండి తరిగేదాన్ని.

మాణిక్యం అని మకావ్ చిలక ఉండె. మోచెయ్యంత ఎర్రపక్షి. ప్రొద్దుటూరులో ఒక నగల అంగడాయన ముచ్చటపడి కొని, దాని అరుపులకు తాళలేక మాకిచ్చి పోయినాడు. వచ్చినప్పుడు రొమ్ము మీది ఈకలన్నీ అదే పీక్కోని బోసిగా ఉండె. ఎనిమిది నెల్లు చెనిక్కాయలు ఒలిచి అరచేతిలో పెట్టి తినిపించినా. ఈకలొచ్చె. "ఏందే మాణిక్యా" అని నేనంటే, అది నా గొంతుతోనే "ఏందే" అనేది. నా గొంతును ఎవరైనా అట్ల దాచిపెట్టుకున్నారా ఎప్పుడైనా? నాకు పిల్లల్లేరు. మొగుడు బతికుండగా గూడా నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు.

అప్పుడొచ్చింది షమీము. ముప్పై ఏండ్లుండవు, నా వయసుకు పాపే. మొగుడు కువైట్లో డ్రైవరు, ఇంట్లో పొద్దుపోక మా కాడికి సాయానికొచ్చింది. నెల తిరగకముందే మాణిక్యం ఆ పాప భుజమెక్కె. నేను పోతే పక్కకు జరిగేది. "ఏందే" అనడం మానేసి, "షమ్మూ, షమ్మూ" అని రాగం తీసేది. గంగన్న ఊరుకోడు గదా, "ఏమవ్వా, నీ కూతురు అత్తగారింటికి పాయెనా" అని నగేవాడు. నేనూ నగితిని. లోపల మండతాండె.

పక్షి కోసం కుళ్లేంది, ఈ వయసులో? అదొక్కటే అయితే ఓర్చుకుందును. మధ్యాన్నాలు అదే షమీము పలక తెచ్చి, నా చెయ్యి పట్టుకొని అ ఆలు దిద్దిస్తాండె. మేలు చేసే మనిషి మీద కుళ్లుకోవడం ఎంత కష్టమో నీకు తెలుసునా? తిట్టుకోడానికి ఒక్క తప్పు దొరకదు. అందుకే ఆ పాపకు ఒక తప్పు కావాలనిపించిందేమో నాకు.

మా కాడ ఒక పద్ధతి. గూడు ఆఖరున ఎవరు తెరిచినారో ముందు పుస్తకంలో రాసేవాళ్లు. నాకు రాత రాదు, నేను చిన్నబోకూడదని ఓబులేసు సారు పుస్తకమే ఎత్తేసి, తలా ఒక రంగు గుడ్డపేలిక ఇచ్చినాడు. గూట్లోకి ఎవరు పోతే వాళ్లు, కొక్కేనికున్న గుడ్డ తీసి తమది తగిలించల్ల. నాది ఎర్రది. షమీముది ఆకుపచ్చది.

ఆ ఆదివారం సారూ గంగన్నా షెడ్డు ఎనకాల నక్కకు కట్టు మారుస్తాండారు. షమీము నీళ్లతొట్టి కాడ తాబేళ్లను కడుగుతాంది. నేను ఆకుపచ్చ గుడ్డ తీసి, ఎర్రది తగిలించి, మాణిక్యం గూట్లోకి పోయినా. అరచెయ్యి చాపినా. అది వీపు తిప్పి కూర్చుండె. "ఏందే" అంటి. మళ్లా అంటి. మూడోతూరికి అది "షమ్మూ" అనె.

బయటికొచ్చినా. చెయ్యి గడియ మీదికి పోయింది. ఏయలేదు. మర్సిపోయినా అని శానా నాళ్లు నాకు నేనే చెప్పుకున్న్యా. మర్సిపోయినదాన్నయితే నా ఎర్రగుడ్డ తీసి బొడ్లో ఎందుకు దోపుకుంటి? ఆకుపచ్చది మళ్లా ఎందుకు తగిలిస్తి? నాకు లేనిది ఆ పాపకూ ఉండగూడదు. అంతే.

కొంచేపటికి షెడ్డు మీద ఎర్రగా మెరిసె. షమీము చెప్పుల్లేకుండా చేలల్లో పడి పరిగెత్తె. తెల్లారి మధ్యాన్నం ఒక చీనీతోటలో దొరికింది, కాకులు పొడిచి పొడిచి. ఆ పాప చున్నీలో చుట్టుకొచ్చేసరికి ప్రాణం లేదు.

ఓబులేసు సారు గూటి ముందర నిలబడి అడిగె.

"షమీమూ, గుడ్డ నీదే గదమ్మా?"

"నాదే సారూ."

"గడియ ఏసినావా?"

"ఏసినట్టే గుర్తు. కానీ గుడ్డ నాదే ఉంది గదా సారూ. నేనే మర్సింటా."

"నువ్వు ఈ పక్కకొచ్చినావా అవ్వా?"

"నేనేడ వస్తినప్పా, నేను పండ్లు తరుగుతాంటి. ఫోనులో ఉంటాది ఈ పిల్ల గ్యానమంతా. మొగుడు కువైట్లో ఉంటే ఇంగేం గుర్తుంటాది."

ఆ మాటకు షమీము చున్నీ కొసతో మాణిక్యం మొహం కప్పె. మర్నాటి నుంచి రాలేదు. ఒత్తులు నేర్పకుండానే పాయె. అంగళ్ల మీది బోర్డులు చూసి నేనే నేర్చుకున్న్యా.

పోయిన నెల ప్రొద్దుటూరులో వాళ్లు కాపురం మార్చిన ఇంటికి పోయినా, చెప్పేద్దామనే. టీ ఇచ్చింది. నక్క ఎట్లుందని అడిగింది. ఆ తర్వాత ఇంగో పక్షిని గానీ కోడిపిల్లను గానీ సాకలేదంట. పండుకోబోయే ముందు తలుపు గడియ మూడుసార్లు చూసుకుంటుందంట. నేను టీ తాగి, బస్సెక్కి వచ్చినా. నోరు రాలేదు. చెప్తే ఆ పాప నన్ను ఒకసారి చూస్తాది గదా, ఆ చూపుకు భయం. ఈ వయసులో గూడా నా గురించే నా భయం.

ఈ కాగితం ఆ పాపకు పంపుతానా? తెలీదు. క్షమించమని అడిగే మొహం నాకు లేదు, నువ్వు గూడా క్షమించొద్దు. రాసినాక ఊపిరి కొంచెం కిందిదాకా పోతాంది, అంతవరకే.

ఆ పొద్దు ఆడ ఉండినోళ్లు వీళ్లు. ఓబులేసు సారు, నా మాట నమ్మినాడు. ఆటో గంగన్న, ఏమీ చూడలేదు. మాణిక్యం. షమీము, గడియ ఏసే పోయింది. నేను, తీసినదాన్ని.