యాభై అంకె వేసిన రేకు

నా చిన్నప్పుడు నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడింది గోరంత రేకు ముక్కకి. నవ్వుతారేమో, నవ్వండి. పాముల్ని చూశాను, తుపాన్లు చూశాను, లెక్కల మేష్టారి బెత్తం దెబ్బలూ తిన్నాను. అవేవీ ఇప్పుడు గుర్తు కూడా రావు. ఆ రేకు మాత్రం డెబ్బై దాటిన ఈ వయసులో కూడా ఒక్కోసారి మధ్యాహ్నం కునుకులో కనిపించి లేపేస్తుంది.

మాది బాపట్ల. వేసవి సెలవులిస్తే నన్ను రేపల్లెలో మా పెద్దనాన్న ఇంటికి పంపేవారు. ఆయన అక్కడ ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరు. ఆస్పత్రి వెనకాల రెండు వాటాలుండేవి. ఒకదాంట్లో పెద్దనాన్న వాళ్ళు, రెండోదాంట్లో పోస్టాఫీసులో పనిచేసే ఒకాయన కుటుంబం. ఆయన భార్యని నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆ పక్కింటి అక్కకి పెళ్ళయిన ఆరేళ్ళకి గానీ పిల్లాడు పుట్టలేదు. నేను చెబుతున్న వేసవికి వాడికి ఐదో నెల. బొద్దుగా ఉండేవాడు. ఎవరు ఎత్తుకున్నా జుట్టు దొరకబుచ్చుకుని లాగేవాడు. నా జడంటే వాడికి మరీ ఇష్టం. పొద్దస్తమానం వాణ్ణి చంకనేసుకుని తిరుగుతున్నానని మా పెద్దమ్మ విసుక్కునేది.

అప్పట్లో ఇప్పటిలా ప్రతిదానికీ మాత్ర ఉండేది కాదు. డాక్టరుగారు చీటీ రాస్తే పెద్దనాన్న పొడులు తూచి, కలిపి, పొట్లాలు కట్టి ఇచ్చేవారు. అందుకోసం అద్దాల గూడులో ఒక చిన్న త్రాసు ఉండేది. గ్రెయిన్ల లెక్క పోయి మిల్లీగ్రాములు వచ్చిన కొత్త. ఆయన బెజవాడ నుంచి కొత్త తూకపురాళ్ళ పెట్టె తెప్పించుకున్నారు. మూత తీస్తే నీలం మఖమల్ గుడ్డ, గుంటల్లో మెరిసే ఇత్తడి రాళ్ళు, వాటి కింద వరసలో పల్చటి అల్యూమినియం రేకులు. రాళ్ళని పేరుకే గానీ అందులో రాయన్నది ఒక్కటీ లేదు. ఒక్కో రేకు మీద అది ఎన్ని మిల్లీగ్రాములో ఆ అంకె ఉండేది. పట్టకారుకి అందేలా ఒక మూల పైకి వంచి ఉండేది. వేలితో ముట్టుకోనిచ్చేవారు కాదు. మన చేతి చెమట కూడా బరువేనే అనేవారు.

రోజూ పొద్దున్నే, మొదటి చీటీ రాకముందు, ఆయన ఆ రాళ్ళని వాటితోనే తూచేవారు. ఒక పళ్ళెంలో యాభై రేకు వేసేవారు. రెండో పళ్ళెంలో ఇరవైవి రెండు, పది ఒకటి. ముల్లు నడిమధ్యన నిలబడాలి. తర్వాత ఆ పళ్ళెంలోవి ఈ పళ్ళెంలోకి మార్చి మళ్ళీ చూసేవారు. ఎందుకు పెద్దనాన్నా ఇంత చాదస్తం అని అడిగాను ఒకసారి. "మందుని రాయి తూస్తుంది. మరి రాయిని ఎవరు తూస్తారే? దాని తోటివే తూయాలి," అన్నారు. నాకు అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపాను. అది నాకు పుట్టుకతో వచ్చిన విద్య.

ఆ రోజు ఆయన రాళ్ళు సరిచూసుకుని, పెట్టెకి తాళం వేయకుండా టిఫిన్‌కి ఇంట్లోకి వెళ్ళారు. డాక్టరుగారు ముందు గదిలో రోగుల్ని చూస్తున్నారు. నేను పెట్టె తెరిచాను. దొంగతనం చేద్దామని కాదు. ఆ రేకు ఎంత తేలికో చూడాలని ఎన్నాళ్ళుగానో ఉంది. పట్టకారుతో యాభై రేకుని తీసి అరచేతిలో వేసుకున్నాను. ఉందో లేదో తెలియనంత తేలిక. సరిగ్గా అప్పుడే నాకు తుమ్ము వచ్చింది. కళ్ళు తెరిచేసరికి చెయ్యి ఖాళీ.

నాపరాళ్ళ నేల అది. బండకీ బండకీ మధ్య సందులు. చీపురు పుల్లతో ప్రతి సందూ గీకాను. బల్లకింద పాకాను. నా ఒళ్ళంతా చెమట. కనపడలేదు. అప్పుడైనా వెళ్ళి పెద్దనాన్నా, ఇలా అయిందీ అని చెబితే ఒక్క మాటతో పోయేది. తిట్టేవారు, అంతే కదా. కానీ ఆయన నన్ను ఇంకెప్పుడూ ఆ గదిలోకి రానివ్వరేమోనన్న దిగులు నా నోరు నొక్కేసింది. ఇంటి వెనక పాత పౌడరు డబ్బా ఒకటి పడి ఉంటే తెచ్చి, కుట్టుపెట్టెలోని కత్తెరతో చిన్న ముక్క కత్తిరించాను. పెట్టెలో రేకు పట్టే గుంట ఉంది కదా, సరిగ్గా దానికి సరిపోయేలా. రంగు పోయేదాకా గచ్చుకేసి రుద్దాను. సూదితో యాభై అని గీశాను. మూల వంచాను. పొడుగూ వెడల్పూ ఒకటే అయితే బరువూ ఒకటే అవుతుందనుకున్నాను. తొమ్మిదేళ్ళ బుర్ర మరి. నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా, సిగ్గు లేకుండా.

గంట తిరక్కుండానే పక్కింటి అక్క పిల్లాణ్ణి భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది. వాడికి రాత్రి నుంచి జ్వరం. అప్పుడే ఫిట్స్ వచ్చి తగ్గాయట. కళ్ళు తేలేశాడని ఏడుస్తోంది. డాక్టరుగారు చూసి, ధైర్యం చెప్పి, ఫిట్స్ మళ్ళీ రాకుండా మందు రాశారు. మొత్తం యాభై మిల్లీగ్రాములు తూచి, పాలచక్కెర అనే ఉత్త తియ్యటి పొడిలో కలిపి, నాలుగు పొట్లాలు చేయాలి. చీటీ చూసి పెద్దనాన్న పట్టకారు అందుకున్నారు. నేను తలుపు పక్కన ఉన్నాను. ఆ రేకు పళ్ళెంలో పడినప్పుడు టక్కుమని చప్పుడైంది. అసలు రేకు ఎప్పుడూ చప్పుడు చేసేది కాదు. పెద్దనాన్న ఒక్క క్షణం ఆగారు. బయట ఏడుపు వినిపిస్తోంది. మళ్ళీ పనిలో పడ్డారు.

పొట్లాలు నా చేతికే ఇచ్చి, "ఒకటి ఇప్పుడే పట్టమను. రెండోది రాత్రికి," అన్నారు. పది అడుగుల దూరం అది. ఆ పొట్లాలు పారేస్తే బాగుండుననిపించింది. పారేస్తే పిల్లాడికి మందుండదు. చెబితే నా పరువుండదు. ఆలోచిస్తూ ఆలోచిస్తూనే వాళ్ళ గుమ్మం ఎక్కేశాను. అక్క ఉగ్గుగిన్నెలో పొడి కలిపి వాడి నోట్లో పోసింది. వాడు చప్పరించాడు. నేను చూస్తూ నిలబడ్డాను. నా జీవితంలో నేను చేసిన అన్నిటికన్నా పెద్ద తప్పు రేకు పోగొట్టడం కాదు, దొంగ రేకు చేయడమూ కాదు, అక్కడ నోరుమూసుకుని నిలబడటం.

వాడు నిద్రపోయాడు. అక్క మొహం తేటపడింది. చక్కగా పడుకున్నాడే, మీ పెద్దనాన్న చెయ్యి మంచిది అంది. నేను అన్నం తినలేదు. ఏదో వంక పెట్టి రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను. మధ్యాహ్నం రెండు దాటింది. పాలవేళ దాటిపోయిందని అక్క వాణ్ణి లేపబోయింది. లేవలేదు. బుగ్గ మీద తట్టింది. మూలిగి ఊరుకున్నాడు. నేను దగ్గరికెళ్ళి నా జడ కొస వాడి గుప్పిట్లో పెట్టాను. వేళ్ళు ముడుచుకోలేదు. జడ జారి పక్కమీద పడింది.

పరుగెత్తాను. పెద్దనాన్న మజ్జిగ తాగుతున్నారు. వేలితో త్రాసున్న గది వైపు చూపించి, "యాభై రేకు నాది, నేనే చేశాను," అన్నాను. ఆయనకి వివరం చెప్పాల్సిన పని లేకపోయింది. గ్లాసు అక్కడే వదిలేసి లేచారు. నన్ను కొడతారనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన నా వంక చూడనైనా చూడలేదు. "ఎన్ని పొట్లాలు పట్టారు?" అని మాత్రం అడిగారు. ఒకటే అన్నాను.

ఆయన త్రాసు దగ్గరికెళ్ళి నా రేకుని ఒక పళ్ళెంలో వేశారు. రెండోదాంట్లో ఇరవై, ఇరవై, పది. ముల్లు కదల్లేదు. ఆపైన వంద రేకు వేశాక గానీ మధ్యకి రాలేదు. మూడింతలు. పౌడరు డబ్బా ఇనప రేకు, అసలుదేమో అల్యూమినియం. ఆ సంగతి చాలా ఏళ్ళ తర్వాత గానీ నాకు తెలియలేదు. ఆ రోజు తెలిసిందల్లా పెద్దనాన్న పెదవులు తెల్లగా పాలిపోవడం. ఆయన పరుగెత్తడం నేను మొదటిసారి చూశాను.

డాక్టరుగారు వచ్చి పిల్లాడి కనురెప్పలు ఎత్తి చూశారు. పాదాల మీద గిల్లితే కాళ్ళు కొంచెం ముడిచాడు. ఊపిరి ఆడుతోంది గానీ నెమ్మదిగా ఉంది, మందు బలం తగ్గేదాకా కనిపెట్టుకుని ఉండాలి, మధ్యమధ్యలో కదుపుతూ ఉండండి, ఊపిరి లెక్క తగ్గితే వెంటనే కేకెయ్యండి అన్నారు. అక్కకి అప్పుడు అనుమానం వచ్చింది.

"ఏంటి బాబాయిగారూ, ఏమైందండి?"

"మందు తూకంలో పొరపాటు జరిగిందమ్మా. ఎక్కువ పడింది. తప్పు నాదే," అన్నారు పెద్దనాన్న.

అక్క పిల్లాడి పక్కన చేరి వాడి పాదాలు రుద్దడం మొదలుపెట్టింది. వాళ్ళ అత్తగారు ఊరుకోలేదు. ఇన్నేళ్ళ అనుభవం అంటారే, ఇదేనా అండి, ఇంకో కాన్పు అవుతుందో లేదో తెలియని పిల్లకి కడుపుకోత పెడతారా అని నిలదీసింది. వీధి జనం గుమ్మంలో చేరారు. పెద్దనాన్న తల వంచుకుని వింటున్నారు. నేను ఉండబట్టలేక నోరు తెరిచాను. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "మాట్లాడకు, లెక్క తప్పుతావు," అన్నారు. తన చేతి గడియారం విప్పి ముందు పెట్టుకున్నారు. ఆయన నిమిషం చూస్తారు, నేను ఊపిరి లెక్కపెట్టాలి.

ఆ పొట్ట లేస్తోంది, దిగుతోంది. ఒకటి, రెండు, మూడు. ఇరవై ఆరు. మళ్ళీ ఒకటి నుంచి. ఇరవై నాలుగు. ఒకసారి ఇరవై దగ్గర నిమిషం అయిపోయింది. దిగిన పొట్ట మళ్ళీ లేచే లోపల ఎంత సేపుంటుందో మీకు తెలియదు. తెలియకూడదని కోరుకుంటున్నాను. నా ఊపిరి వాడికి పెట్టి నన్ను తీసుకుపొమ్మని మొక్కుకున్నాను, నాకు తెలిసిన దేవుళ్ళందరికీ. అవతలి వీధి చర్చిలో దేవుడికి కూడా.

దీపాలు పెట్టే వేళకి లెక్క ముప్ఫై దాటింది. కాసేపటికి వాడు మొహం చిట్లించాడు. కాళ్ళు తన్నాడు. తర్వాత నోరంతా తెరిచి ఆకలితో గుక్కపట్టి ఏడ్చాడు. అక్క వాణ్ణి గుండెలకి హత్తుకుంది. పెద్దనాన్న గడియారం తీసి చేతికి పెట్టుకున్నారు. డాక్టరుగారితో ఆయన మెల్లిగా అన్న మాట నా చెవిన పడింది. "పొడి కంటికి ఎక్కువగానే కనిపించిందండి. చప్పుడూ తేడాగానే ఉంది. త్రాసు చెబుతోంది కదా అని ఊరుకున్నాను."

మర్నాడు నన్ను బాపట్ల బండి ఎక్కించేస్తారనుకున్నాను. పొద్దున్నే పిలిచి పట్టకారు నా చేతికిచ్చారు. నువ్వున్నన్నాళ్ళూ రాళ్ళు నువ్వే సరిచూడాలన్నారు. చెయ్యి వణుకుతోంది పెద్దనాన్నా అన్నాను. "వణకనీ. ఆ వణుకుంటే రెండోసారి చూసుకుంటావు," అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. తాళం వేయనిది నేను, ఆగి చూసుకోనిది నేను, నువ్వు ఆలస్యంగానైనా వచ్చి చెప్పావు, ఇంకో గంట ఆగి ఉంటే మనం ఈ మాటలు మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళం కాదు. అసలు తప్పు ఎవరిదో ఆయన ఎవరికీ చెప్పలేదు, మా పెద్దమ్మకి కూడా. ఆ వేసవంతా కొందరు పొట్లాలు తీసుకునేటప్పుడు, సరిగ్గా చూశారా అండి అని అడిగేవారు. ఆయన ప్రతివాళ్ళకీ, చూశానండి అని ఓపిగ్గా చెప్పేవారు.

పెద్దనాన్న పోయాక అక్కకి నిజం చెప్పేశాను. అప్పటికి నాకూ పిల్లలు పుట్టారు. అక్క, "పదిహేను రోజులు ఆయనతో పలకలేదే నేను," అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఆ పిల్లాడికి ఇప్పుడు అరవై దాటాయి. తెనాలిలో మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉంటాడు. బానపొట్ట, బట్టతల, ఇద్దరు మనవలు. పిన్నీ ఏం వండావని అడుగుతూ వస్తాడు. తిని, మా వరండాలో పడక్కుర్చీలో వాలి గురక పెడతాడు. ఆ గురకకి వీధిలో వాళ్ళు కూడా నిద్ర లేస్తారని మా కోడలు నవ్వుతుంది. నేను వంటింట్లో పని చేసుకుంటూ వింటూ ఉంటాను. ఒక్కోసారి ఆ గురక మధ్యలో ఆగుతుంది. చేతిలో పని అక్కడే వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడతాను. వాడి పొట్ట మళ్ళీ లేచేదాకా లెక్కపెడతాను.