గడ్డకట్టిన టీకా

మా పశువుల దవాఖానలో నా పై డాక్టరు ఒక్కచోట నిలబడి టీ తాగగా నేనెన్నడూ చూడలేదు. నడుస్తూనే తాగేవారు. టీకా సీసాలున్న ఐసు పెట్టె మూతను మాత్రం ఐదు నిమిషాలకోసారి తీసి చూసేవారు.

"మూత తీస్తేనే చల్లదనం పోతది సార్," అనేవాణ్ణి.

"తియ్యకపోతే నా పానం పోతది."

ఒకరోజు తొండుపల్లిలో గొర్రెలకు చిటుక రోగం టీకా వేయడానికి వెళ్లాం. వానలకు మొలిచిన లేత గడ్డి మేసిన గొర్రెలు తెల్లారేసరికి చచ్చిపడే రోగం అది. కాపరి పొద్దున్నుంచి మందను మేతకు వదలకుండా ఆపాడు. తీరా సీసా బయటికి తీసి ఊపి చూస్తే లోపల మందు గడ్డకట్టింది. ఐసు ఎక్కువ పెట్టిన మేధావిని నేనే.

"ఎండల పెడితే కరుగుతది గద సారూ, ఎయ్యి," అన్నాడు కాపరి. నాకూ ఆ సలహా నచ్చింది.

డాక్టరు అటూ ఇటూ తిరుగుతూ, "దీంట్ల ఉన్నది క్రిమి ఇడిసే విషం ప్రొటీను తాతా, కోరలు పీకి పెట్టిన్రు. దాన్ని చూసి గొర్రె ఒళ్లు కొట్లాడుడు నేర్చుకుంటది. గడ్డకడితే పాలు ఇరిగినట్టు ఇరుగుతది," అన్నారు.

ఆ సీసా పక్కన పెట్టి, ఎయిర్‌పోర్టు రోడ్డు ట్రాఫిక్‌లో పడి వెళ్లి కొత్తది తెచ్చారు. ఈలోపు ఆకలి గొర్రెల అరుపులకు నెత్తిమీది విమానాలు కూడా వినిపించలేదు.

చివరి గొర్రెకు సూది వేశాక కాపరి అడిగాడు. "పాతది నిజంగనే పనిచెయ్యకపోతుండెనా?"

"ఏమో, కొంచెం చేస్తుండెనేమో, తెల్వదు."

"మరి గింత పరేషాన్ ఎందుకు సారూ?"

"వాన పడంగనే, టీకా ఏసిన్రని నువ్వు బేఫికర్‌గ మందను గడ్డిల ఇడుస్తవు గద."