ఎండాకాలానికని దాచిన గ్యాస్

కారు ఏసీలో నింపే గ్యాసును తూకం వేసి కొనే మనిషిని వరంగల్ మొత్తంలో నన్నొక్కణ్నే చూశానని ఒక స్పేర్‌పార్ట్స్ దుకాణదారు అంటుంటాడు. అందులో మెప్పు కంటే వెక్కిరింత ఎక్కువ. నేను మార్కెట్‌లో ఒక మిర్చి అడ్తి దుకాణంలో కాంటా దగ్గర పనిచేస్తాను. పదో తరగతితో చదువు ఆగింది కానీ లెక్కలు ఆగలేదు. ఏ వస్తువు చేతికొచ్చినా దాని బరువెంత, అందులో ఖాళీ సంచి బరువెంత అని మనసు దానంతట అదే అడుగుతుంది. గ్యాసు కంటికి కనిపించదు కాబట్టి దాన్ని ఇంకా గట్టిగా అడగాలనిపించింది.

అడగాల్సిన అవసరం మా అక్క వల్ల వచ్చింది. ఆమెకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు హన్మకొండలో డయాలసిస్. వాళ్ల ఊరు ములుగు దారిలో రోడ్డు దిగి ఇంకా లోపలికి పోవాలి. బావకు ఒక పాత కారు ఉంది. మేడారం జాతరకు గిరాకీ నడుపుదామని ఎప్పుడో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఏసీ ఉంది కానీ అందులో గ్యాస్ అప్పటికే లేదు. ఇప్పుడది అక్కను తీసుకురావడానికి, తీసుకుపోవడానికే సరిపోతున్నది.

డయాలసిస్ మనిషికి ఎండ వేరే రకంగా పగ పడుతుంది. దాహమైనా రోజుకు లీటరులోపే తాగాలి. ఎక్కువ తాగితే ఆ నీరు బయటికి పోయే దారి లేక ఒంట్లోనే నిలుస్తుంది, ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. మిషన్ మీంచి లేచిన గంటలోనేమో బీపీ అడుగంటి ఉంటుంది. అట్లాంటప్పుడు మధ్యాహ్నపు ఎండలో రేకు డబ్బాలాంటి కారులో కూర్చుంటే ఆమె కళ్లు తేలేసేది. మొదటి ఎండాకాలం అట్లా రెండుసార్లు పడిపోయింది. తేరుకున్నాక, “ఇగ నేను పోను. ఏదైతే అదైతది,” అని మంచం పట్టుకుంది. కాళ్లా వేళ్లా పడి పంపాం. మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి కారులో ఏసీ పనిచేయాలి, లేకపోతే అక్క డయాలసిస్ మానేస్తుంది. ఆ ఏడాది మా ముందున్న లెక్క ఇంతే.

దసరా అయ్యాక బావా నేనూ కలిసి గ్యాస్ కొనడానికి పోయాం. చిన్న రేకు డబ్బాల్లో వస్తుంది. లోపల నాలుగు వందల యాభై గ్రాములు అని డబ్బా మీద రాసి ఉంటుంది. అడ్తిలో శాంపిళ్లు తూచే చిన్న కాంటాను సంచిలో తీసుకుపోయాను. కౌంటర్ మీద పెట్టి ఒక్కో డబ్బా తూచాను.

“ఏం అన్నా, ఉల్లిగడ్డలు కొంటానవా?” అన్నాడు దుకాణదారు.

“ఉల్లిగడ్డ అయితె కుళ్లింది కంటికి కనవడ్తది. గిది కనవడ్తదా?”

“సీల్ ఉన్నది, డేట్ ఉన్నది. ఇంకేం గావాలె?”

“బరువు గావాలె.”

మూడింట్లో ఒకటి మిగతావాటి కన్నా ఇరవై గ్రాములు తక్కువ తూగింది. దాన్ని పక్కకు జరిపి మిగిలిన రెండూ తీసుకున్నాను. అతను ఆ తక్కువ డబ్బాను కిందా మీదా చూసి మళ్లీ అరలోనే పెట్టాడు, తర్వాత వచ్చేవాడి కోసం.

మట్టెవాడలో బావకు తెలిసిన మెకానిక్ షెడ్డుంది. అతనిది పాత పద్ధతి. పైపు మీద చెమట పట్టేదాకా గ్యాస్ కొట్టి, చేత్తో తడిమి, “అయిపోయింది, నడువ్,” అంటాడు. బానెట్ కింద స్టిక్కర్ మీద ఈ కారుకు ఐదు వందల గ్రాములు అని వెలిసిపోయిన అక్షరాల్లో ఉంది. అంతకు మించినా చల్లదనం తగ్గుతుందని, తక్కువైనా తగ్గుతుందని ఫోన్లో చదివాను. అందుకని ముందు పైపుల్లోని గాలంతా పంపుతో లాగించి, మీటరు ముల్లు అరగంట కదలకుండా నిలబడితేనే గ్యాస్ పెట్టమన్నాను. ముల్లు నిలబడింది. ఆ రోజుకు ఎక్కడా లీకు లేదు. తర్వాత డబ్బాను కాంటా మీద నిలబెట్టి గ్రాములు తగ్గుతుంటే చూస్తూ నింపించాను.

“అన్నా, రేపు మీ ఇంట్ల పెండ్లయితె బంతిల కూసున్నోళ్లను గూడ కాంట పెడ్తవా?” అని మెకానిక్ నవ్వాడు.

“తినకముందు ఒకపారి, తిన్నంక ఒకపారి,” అన్నాడు బావ.

బటన్ నొక్కితే చల్లటి గాలి తన్నుకొచ్చింది. థర్మామీటరు గాలి దగ్గర పెడితే ఎనిమిది డిగ్రీలు చూపించింది. ముందు సీట్లో కూర్చున్న అక్క ఆ గాలికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, కాసేపయ్యాక, “ఇగ బందువెట్టున్రి, ఒడుస్తది,” అంది. నడిపితే గ్యాస్ అయిపోతుందట. అందరం నవ్వాం. పరాచికమనుకున్నాను.

పరాచికం కాదు. బావ రైతు. యూరియా దొరకని కాలం చూసినవాడు కనుక అదనుకు ముందే బస్తాలు తెచ్చి మంచం కింద పేర్చుకుంటాడు. మోటారుకు డీజిలు, వచ్చే పంటకు విత్తనం, అన్నీ అట్లాగే. వాళ్లింట్లో కొన్న వస్తువును దాని కాలం వచ్చేదాకా ముట్టరు. కారులో నింపిన గ్యాస్ కూడా పెట్రోలులాగా నడిపినకొద్దీ అయిపోతుందని ఇద్దరూ అనుకున్నారు. ఆ సంగతి నాకు చలికాలమంతా తెలియలేదు. నేను వాళ్లను డయాలసిస్ వార్డులోనే కలిసేవాణ్ని, కారులో కాదు.

ఏప్రిల్‌లో ఒకరోజు మార్కెట్‌కు సెలవుంటే అక్కను దిగబెట్టడానికి నేను కూడా కారెక్కాను. మిట్టమధ్యాహ్నం. సీటు ముట్టుకుంటే కాలుతున్నది. బావ నాలుగు అద్దాలూ ఎక్కించి, చేతులు తుడుచుకుని, “ఇయ్యాల్టి నుంచి తీద్దాం,” అన్నాడు.

“ఏం తీద్దాం బావా?”

“గ్యాస్. దసరా నుంచి ముట్టలే. ఒక్కనాడు గూడ బటన్ నొక్కలే.”

అక్క వెనక్కి తిరిగింది. మిషన్ మీంచి లేచిన అలసటలో కూడా ఆమె ముఖంలో ఒక గర్వం. “మార్చిల మస్తు ఉడికింది తమ్మీ. మీ బావ ఏస్తనంటడు, నేనే వద్దన్న. మే నెలకు ఉండాలె గద.”

బావ బటన్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది. వచ్చింది వేడి గాలి. రెండో నంబరుకు తిప్పాడు. మూడో నంబరుకు తిప్పాడు. అదే గాలి ఇంకా జోరుగా వచ్చింది. జర ఆగితే వస్తుందేమో అన్నట్టు ముగ్గురం ఆ జాలీల వైపు చూస్తూ కూర్చున్నాం. అక్క పెదవులు తడుపుకుంది. కొంతసేపటికి బావ అద్దాలు దించాడు.

మర్నాడే మళ్లీ డబ్బాలు కొని మళ్లీ నింపించాం. రెండు ట్రిప్పులు చల్లగా నడిచింది. మూడో దానికి వేడి గాలే. బానెట్ ఎత్తి టార్చి వేసి చూస్తే కంప్రెసర్ ముందు భాగంలో, బెల్టు తిరిగే చక్రం వెనక, జిడ్డు చిమ్మి ఉంది. దుమ్ము అంటుకుని నల్లగా గట్టిపడింది. గుడ్డతో తుడిస్తే కింద నూనె తడి తగిలింది. దసరాకు అక్కడ అది లేదు.

ఆ రాత్రి ఫోన్లో చదివి అర్థం చేసుకున్నాను. గ్యాసుతో పాటు కొంచెం నూనె కూడా పైపుల్లో తిరుగుతుంటుంది. కంప్రెసర్ ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు సీలును ఆ నూనే తడిగా ఉంచుతుంది. నెలల తరబడి నడపకపోతే సీలు ఎండి బిగుసుకుపోతుంది, సందు పడుతుంది. పాత బండ్లలో మరీ. గ్యాస్ ఆ సందులోంచి చప్పుడు లేకుండా పోతుంది. అంటే వాళ్లు దాచుకున్నందువల్లే పోయింది. అక్క మార్చి నెలంతా ఉక్క భరించినందుకు దక్కిన ఫలం ఇది. ఆ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

సీలు మార్చాలి. అది అంత పాత కారు, ఆ సీలు వరంగల్‌లో దొరకలేదు. హైదరాబాద్ నుంచి రావాలన్నాడు మెకానిక్. “అందాక పొద్దుగాల నింపుకొని పోన్రి, ఏమైతది?” అన్నాడు. నింపాం. పొద్దున నింపితే మధ్యాహ్నం అక్క మిషన్ దిగేసరికి సగం కూడా ఉండేది కాదు. కొన్నాళ్లకు అది కూడా లేదు.

మే మొదట్లో, తిరిగి పోతుంటే ములుగు రోడ్డు మీద అక్క తల పక్కకు వాలిపోయింది. బావ కారు ఆపి ఆమెను కిందికి దింపి, ఒక మూసేసిన పంక్చర్ దుకాణం నీడలో పడుకోబెట్టి, కాళ్లు తన ఒళ్లో ఎత్తి పెట్టుకుని నాకు ఫోన్ చేశాడు. ఫోన్లో ఆయన మాట కంటే పక్కన పోయే లారీల చప్పుడే ఎక్కువ వినిపించింది. నేను పోయేలోపు ఆమె కళ్లు తెరిచింది. కానీ తర్వాతి డయాలసిస్‌కు రాలేదు.

“తొవ్వల సచ్చుడు కంటె ఇంట్ల సచ్చుడు నయం,” అంది ఫోన్లో.

“అక్కా, సీలు వస్తాంది. రెండు మూడు రోజులే.”

“రానియ్. వచ్చినంక చూద్దాం.”

ఆటో మాట్లాడతానన్నాను, పొద్దున్నే మొదటి విడతలో బెడ్డు అడుగుతానన్నాను. మొదటి విడత నిండిపోయింది. ఆటోలో ఇంకా వేడి. ఆమె ఆ తర్వాతి డయాలసిస్‌కూ రాలేదు. పాదాలు ఉబ్బాయి, ముఖం ఉబ్బింది. మరుసటి సాయంత్రానికి పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుంది. అంబులెన్సులో తీసుకొచ్చారు. దవాఖాన ముందు స్ట్రెచర్ దింపుతుంటే, ముక్కు మీది మాస్కు పక్కకు జరిపి నాతో ఒక్కటే మాట అంది. “గీ బండిల మస్తు సల్లగున్నది తమ్మీ.”

వారం రోజులు ఐసీయూలో ఉంచారు. బతికింది. కానీ అప్పటిదాకా తన కాళ్ల మీద వార్డులోకి నడిచే మనిషి ఆ తర్వాత చక్రాల కుర్చీలోనే వచ్చింది. ఆ వారంలోనే సీలు వచ్చింది. పాత సీలు తీసి అది వేయించి నింపితే గ్యాస్ నిలిచింది. మిగిలిన ఎండాకాలం చల్లగానే గడిచింది.

మళ్లీ చలికాలం వచ్చింది. ఒకరోజు డయాలసిస్ సెంటర్ ముందు చాయ్ తాగుతూ ఏసీ ఎట్లా నడుస్తున్నదని బావను అడిగాను.

“ఫికర్ లేదు. వానలు వడ్డప్పటి నుంచి ముట్టలే,” అన్నాడు.

ఇక చెప్పకుండా ఉండే వీలు లేదు. చెప్పకపోతే వచ్చే మే నెలలో మళ్లీ అదే రోడ్డు.

“బావా, గ్యాస్ పెట్రోల్ తీరుగ కాలేది గాదు. లోపల అక్క నెత్తురు మిషిన్ల ఎట్ల తిరుగుతాందో గట్లనే తిరుగుతది. ఒడువది. తిప్పకుంటెనే సీలు ఎండి కారిపోతది.”

ఆయనకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. గ్లాసు కింద పెట్టాడు. “అంటె మేం దాసుకున్నందుకే పోయిందా?”

“ఊ.”

చాయ్ డబ్బులిచ్చి నా వైపు తిరిగాడు. “ఆమెకు జెప్పకు బామ్మర్ది. మార్చి నెలంత ఉత్తగనే ఉడికిపోయిన్నని తెలిస్తె తట్టుకోదు.”

సరేనన్నాను. వారానికొకసారి పది నిమిషాలు నడిపితే చాలని చెప్పాను. కానీ కారు కదిలేది అక్క కోసమే. ఆమె లేకుండా దాన్ని బయటికి తీసేది లేదు. మరుసటి వారం నేను కూడా ఎక్కిన రోజు, ఊరు దాటాక బావ ఏసీ బటన్ నొక్కాడు. బయట చలి. అక్క శాలువా కప్పుకుని ఉంది.

“సలికాలంల ఏసీ ఏందయ్యా? తలకాయ గిట్ల తిరిగిందా?” అని ఆపేసింది.

“మెకానిక్ జెప్పిండు.” బావ మళ్లీ నొక్కాడు.

“ఆనికేం, మల్ల గ్యాస్ అమ్ముకోవాలె. జర ఎండలకు ఉండనియ్.” మళ్లీ ఆపేసింది.

మూడోసారి ఆయన చెయ్యి పోతుంటే ఆ చేతి మీద ఒక్కటి చరిచి, నా వైపు తిరిగింది. “తమ్మీ, లెక్కలు తెలిసినోనివి నువ్వున్నవ్ గద. నువ్వు జెప్పు. గిప్పుడు నడుపుతె ఎండకాలానికి ఉంటదా?”

అద్దంలో బావ కళ్లు నన్నే చూస్తున్నాయి. నేను ఆ కళ్లను చూడకుండా, “నడుపుతెనే ఉంటదక్కా. నడపకుంటెనే పోతది,” అన్నాను.

ఆమె ముందుకు తిరిగింది. పక్కన పత్తి ఏరిన చేలు మోళ్లతో వెనక్కి పోతున్నాయి. “అయితె పోయినేడు…” అంది. అక్కడితో ఆగింది. బావ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.  

కొంతదూరం పోయాక అక్క తనే చెయ్యి చాపి బటన్ నొక్కింది. చల్లటి గాలి వచ్చింది. శాలువా గడ్డం దాకా లాక్కుని, “ఎంతసేపు?” అంది.

“పది నిమిషాలు.”

“అయినంక జెప్పు.”

గడియారం చూసి చెప్పాను. “చాలక్కా, ఇగ బందువెట్టు.”

ఆమె చెయ్యి శాలువాలోంచి బయటికి రాలేదు. నిద్రపోయిందేమో అని ముందుకు వంగి చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి. బావ కూడా ఆపలేదు. ఆ గాలి అట్లాగే ముగ్గురి మీదా కొడుతుంటే ఇంటిదాకా పోయాం.