నైరుతి మూల బీరువా

మా అమ్మాయి హాస్టల్లో చేరతానంటే నేను నవ్వాను. ఆ హాస్టల్ ఉన్నది అశోక్ నగర్‌లో, మా ఇల్లున్నది చిక్కడపల్లిలో. కుక్కర్‌లో పప్పు పెట్టి బయల్దేరితే అది ఉడికేలోపు వెళ్లి రావచ్చు. నల్లగొండ నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చిన పిల్లలు అక్కడ ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నారంటే అర్థముంది. పక్క పేట నుంచి పెట్టె పట్టుకుని వెళితే వార్డెన్ ఏమనుకుంటుంది?

"ఏమన్న అనుకోనీ అమ్మా. ఆడ నానమ్మ గురకైతే ఉండది గద," అంది.

నా నవ్వు ఆగిపోయింది. మాది పాత అపార్ట్‌మెంట్లో రెండు బెడ్రూముల ఫ్లాటు. ఒకదాంట్లో మా ఆయన, నేను. రెండోదాంట్లో మా అత్తమ్మ, మా అమ్మాయి. అత్తమ్మ పడుకుంటే గురక, లేస్తే ఫోన్లో ప్రవచనం. పిల్ల పుస్తకం పట్టుకుని బాల్కనీకీ వంటింటికీ మధ్య తిరిగేది. పాపం, దాని బాధ నిజమే. కానీ అది వెళ్లిపోతే నాతో పోట్లాడేదెవరు? మా ఆయన పేపర్‌తో మాట్లాడతారు, అత్తమ్మ దేవుడితో మాట్లాడుతుంది. ఆ పూటే తేల్చేశాను, హాలు చివర గోడ లేపి మూడో బెడ్రూం చేయిస్తానని.

మేస్త్రీ వచ్చి హాలంతా కలియజూశాడు.

"అయితది అక్కా. జర గా బీరువా తీపియ్యాలె."

గది కాబోయే ఆ మూలలోనే మా అత్తమ్మ బీరువా ఉంది. ఆవిడతోపాటు కాపురానికొచ్చిన ఇనుప బీరువా.

"బీరువ ముట్టొద్దు," అంది అత్తమ్మ. "నైరుతిలనే ఉండాలె. లక్ష్మి ఉండే బీరువను జరుపుతరా ఎవలన్న?"

మేస్త్రీ మా ఆయన వైపు చూశాడు. ఆయన పేపర్ వైపు చూశారు. చివరికి బీరువా మీద పాత దుప్పటి కప్పి, దాన్ని లోపలే ఉంచి గోడ కట్టారు. పని సాగినన్నాళ్లూ మా ఇంట్లో చాయ్ కూడా సిమెంటు రుచే. సుల్తాన్ బజార్‌లో కర్టెన్ల దగ్గర నేనూ పిల్లా గట్టిగా పోట్లాడుకుని, దానికి నచ్చిన నీలం రంగే తెచ్చుకున్నాం. అత్తమ్మ పట్టుబట్టి కొత్త గదిలో పాలు పొంగించింది.

మర్నాడు పొద్దున్నే తెలిసింది మేం చేసిన ఘనకార్యం. గాలి చూసుకున్నాం, వెలుతురు చూసుకున్నాం, వాస్తు చూసుకున్నాం. ఆ బీరువా ఇంటిల్లిపాదిదీ అన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. పూజకు వెండి కుందులు అందులోనే. మా ఆయన ఇస్త్రీ చొక్కాలు, గ్యాస్ పుస్తకం, నా చీరలు, అత్తమ్మ ఎవరికీ తెలియదనుకుని చప్పరించే చక్కెర బిళ్లలు, అన్నీ అందులోనే. పైగా తాళంచెవి అత్తమ్మ బొడ్లో ఉంటుంది. ఎవరికేం కావాలన్నా ఆవిడే వచ్చి తీయాలి. తలుపు కిర్రుమనాలి. నా చీరొకటి తీస్తే అది ఎవరి పెళ్లికి పెట్టిందో, అక్కడ భోజనాలు ఎట్లా ఉన్నాయో ఆవిడ చెప్పాలి.

కొన్నాళ్లు ఓర్చుకుని పిల్ల మంచం మీద బ్యాగు తెరిచింది.

"ఇది బెడ్రూం కాదమ్మా, బస్టాండు. నేను పోతున్న."

బీరువా హాల్లోకి తెద్దామని అత్తమ్మను బతిమాలాను. ఆవిడ విననట్టే కూర్చుంది.

ఆ తాళంచెవి గురించి ఒక మాట చెప్పాలి. కోడలిగా వచ్చినప్పటి నుంచీ అది నా చేతికి రాలేదు. అత్తమ్మ ఊరికెళితే అదీ వెళుతుంది. ఏదో ఒక మంచిరోజున ఆవిడ నన్ను పిలిచి, బొట్టుపెట్టి ఇస్తుందని ఊహించుకునేదాన్ని. అప్పుడు "ఇప్పుడెందుకు అత్తమ్మా" అంటూ కాసేపు మొహమాటపడాలని కూడా అనుకుని పెట్టుకున్నాను.

అత్తమ్మ మెల్లగా లేచి పిల్ల గదిలోకి వెళ్లింది. సర్దుతున్న బ్యాగు చూసింది.

"గా హాస్టల్ల బట్టలు యాడ వెట్టుకుంటరే?"

"మంచం కింద నానమ్మా."

"మంచం కిందనా!"

ఆవిడ ఒకసారి బీరువా వైపు చూసింది. తర్వాత బొడ్లోంచి తాళంచెవి తీసి పిల్ల చేతిలో పెట్టి, గుప్పిట మూసింది.

"ఇగ ఇది నీ తాననే ఉంచుకో. పొద్దుగాల ఒక్కపారి తియ్యి. ఎవలకేం గావాల్నో గప్పుడే తీస్కుంటరు. నేనైనా గంతే."

పిల్ల నానమ్మను పట్టుకుని ఊపేసి, బ్యాగులో బట్టలు మళ్లీ బయటికి తీసింది. గుమ్మంలో చాయ్ గ్లాసుతో నిలబడ్డ నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఒళ్లు కూడా మండింది. దాచుకున్న మొహమాటమంతా దండగైపోయింది.

ఇప్పుడు పొద్దున్నే ఆ గది ముందు ముగ్గురం వరసగా నిలబడుతున్నాం. మొన్న కవాడిగూడలో పెళ్లి. పొద్దున చీర తీసుకోవడం మరిచి, మధ్యాహ్నం తలుపు కొట్టాను.

"పొద్దుగాల ఏం జేసినవమ్మా?" అంది లోపలి నుంచి మా అమ్మాయి.

"సదువుకునే పిల్లను సతాయించకు," అంది వెనక సోఫాలోంచి అత్తమ్మ.

పెళ్లికి నూలు చీరతోనే వెళ్లాను. పట్టుచీర కట్టలేదేమని అడిగిన ప్రతి ఒక్కరికీ, మా ఇంట్లో పిల్ల చదువుకుంటోందని చెప్పాను.