మా ఇంటి గడ్డికి రెండు మిషన్లు

కాదు, మళ్ళీ మొదటికే వస్తారేంటి? గడ్డి కోసే బ్యాటరీ మిషన్ పిల్లలు ఆడుకునే వస్తువని, పెట్రోల్ మిషనే మగాడి మిషనని మా నాన్న ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. ఫీనిక్స్ బే జెట్టీలో టికెట్ల లైన్లో నిలబడ్డవాళ్ళకి కూడా చెప్పాడట. అందుకే జరిగింది జరిగినట్టు ఫోన్లో టైపు చేసి పెట్టేస్తున్నాను. మా నాన్న హిందీ బడిలో చదువుకున్నాడు. తెలుగు గలగలా మాట్లాడతాడుగానీ, చదవమంటే కళ్ళజోడు కనబడటం లేదంటాడు. నేను విశాఖపట్నంలో పిన్ని ఇంట్లో పెరిగి, చదువయ్యాక పోర్ట్ బ్లెయిర్ తిరిగొచ్చినదాన్ని. తెలుగులో ఎంత తిట్టి రాసినా నాకు ఢోకా లేదు.

మా ఇల్లు డిగ్నాబాద్‌లో, వాలు మీద ఉంటుంది. గేటు నుంచి వరండా దాకా ముప్పై అడుగుల దారి, ఇంటి వెనక పెద్ద పెరడు. ఇక్కడ వాన పట్టుకుందంటే గడ్డి ఆగదు. ఈ సోమవారం కోస్తే వచ్చే సోమవారానికి చీలమండ, ఆ పై సోమవారానికి మోకాలు. ఆ గడ్డిలో జెర్రులు ఉంటాయి. విశాఖలో గోడ మీద చూసి కెవ్వుమనేదాన్నే, ఆ సన్నటివి కావు. ఇక్కడివి జానెడు పొడవుంటాయి. మనమే పక్కకి తప్పుకోవాలన్నట్టు నడుస్తాయి.

మా సంఘంలో ప్రతి శనివారం సాయంత్రం ఒక్కో ఇంట్లో ప్రార్థన కూటం పెడతారు. ఎవరింటి వంతు ఎప్పుడో లిస్టు రాసేది పాటలు నడిపించే ఆంటీ. పోయిన వానాకాలం మా ఇంట్లో కూటం అయ్యాక, ఆంటీ దారి పక్కన విడిచిన చెప్పులో కాలు పెట్టింది. అందులో జెర్రి ఉంది. ఆవిడ కాలు సొరకాయలా వాచింది. రెండు ఆదివారాలు చర్చిలో పాటలు ఎవరికి తోచిన రాగంలో వాళ్ళు పాడుకున్నారు.

అప్పటినుంచి లిస్టులో మా ఇల్లు లేదు. ఎవరూ ఏమీ అనలేదు. మా ముందు ఇల్లు, ఆ వెంటనే మా తర్వాతి ఇల్లు, అంతే. నానమ్మకి చదువు రాదు. కొత్త లిస్టు గ్రూపులో పడగానే నాతో చదివించుకునేది. నేను చదివేదాన్ని. ఆవిడ వినేది. "మళ్ళీ సదువు" అనేది. రెండోసారి చదివినా మా ఇల్లు వచ్చేది కాదు. మూడోసారి అడగకుండా లేచి వెళ్ళిపోయేది. ఈ ఇంట్లో కాపురం మొదలెట్టిన దగ్గర్నుంచి కూటం తప్పని మనిషికి అది ఎలా ఉంటుందో నాకు అప్పుడే అర్థమైంది.

చివరికి ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడే వెళ్ళి అడిగేసింది. ఆంటీ మొహమాటపడలేదు.

"గేటు కాణ్ణించి వరండా దాకా నేల కనబడాలి పెద్దమ్మా. కనబడితే కూటం మీ ఇంట్లోనే. కనబడకపోతే గేటు కాడే వందనాలు సెప్పీసి ఎల్లిపోతాం. నా కాలు ఇంకో జెర్రికి ఇవ్వలేను."

మూడు వారాల గడువు. శనివారం నాలుగున్నరకి కూటం. గడ్డి కోసే భయ్యా నెలంతా ఖాళీ లేడన్నాడు. సరే, మిషన్ కొనాల్సిందేనని ఇంట్లో తీర్మానం అయింది. ఏ మిషన్ అన్న దగ్గర యుద్ధం మొదలైంది.

మా నాన్న దీవుల మధ్య తిరిగే బోటులో ఇంజిన్ రూమ్ మనిషి. కాళ్ళ కింద నేల వణక్కపోతే ఏదో పాడైందనుకుంటాడు.

"సప్పుడు రాని మిషనూ ఒక మిషనేనా బేటా? ఇంజిన్ బతికుందో సచ్చిందో ఎలా తెలుస్తాది?" అన్నాడు.

"బటన్ నొక్కితే తిరుగుతుంది నాన్నా. తిరిగితే బతికున్నట్టు."

"కరెంటు పోతే?"

"పెట్రోలు అయిపోతే?"

"పెట్రోలు పోస్తాం!"

"కరెంటూ వస్తుంది!"

అమ్మ ఇద్దరికీ టీ ఇచ్చి, ఎవరి పక్షమూ తీసుకోకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా ఇంట్లో తెలివైన మనిషి ఆవిడొక్కతే.

నాకు కోపం వస్తే వేళ్ళు ఆగవు. వాదన అవుతుండగానే ఫోన్లో బ్యాటరీ మిషన్ ఆర్డర్ కొట్టేశాను. వారంలో వస్తుందని ఉంది. నిజంగానే వచ్చింది. పచ్చ రంగు, తళతళ. అట్టపెట్టె విప్పి, పొడవాటి గొట్టం బిగించి, కొసన గడ్డిని నరికే నైలాన్ తాడు చక్రం తగిలించి, బటన్ నొక్కాను. ఏమీ కాలేదు. పెట్టెలో బ్యాటరీ లేదు.

మెసేజ్‌లు వెనక్కి జరిపి చూస్తే అప్పుడు కనబడింది. ఆ రకం బ్యాటరీని సరుకుల విమానంలో ఎక్కించరట. దాన్ని వేరే పార్సిల్‌గా చెన్నై నుంచి ఓడలో పంపారు. దీవుల్లో పుట్టిన పిల్లవాడైనా ఆర్డర్ చేసే ముందు అడిగే ప్రశ్న అది. నేను విశాఖ బుర్రతో కొన్నాను.

నానమ్మ వరండా మెట్టు మీద కూర్చుని ఆ మిషన్‌ని పైనుంచి కిందదాకా చూసింది.

"అయితే ఒళ్ళు ఇమానంలో వొచ్చీసి, పేణం ఓడలో వస్తందేటే?"

ఆ మాట గోడ దాటి పక్కింటికి, అక్కణ్ణించి సందంతా పాకింది. వచ్చేపోయేవాళ్ళు గేటు దగ్గర ఆగి, "క్యా దీదీ, పేణం ఎక్కడిదాకా వొచ్చింది?" అని అడగడం మొదలెట్టారు. నేను ఓడలు ఎక్కడున్నాయో చూపించే యాప్ ఒకటి ఎక్కించుకుని, సముద్రం మధ్యలో కదలని చుక్కని రోజంతా చూస్తూ కూర్చున్నాను. నాన్న నా భుజం మీంచి తొంగి చూశాడు.

"నేను పాతికేళ్ళు ఓడలో పని సేసేను గానీ, ఓడ కోసం నీలాగా ఎప్పుడూ ఏడవలేదమ్మా."

మర్నాడే డైరీ ఫార్మ్ పేటలో ఉన్న దోస్తు దగ్గర్నుంచి పాత పెట్రోల్ మిషన్ ఒకటి పట్టుకొచ్చాడు. భుజానికి తగిలించుకునే పట్టీ, ఇంజిన్ మీద నల్లటి మసి, దాని వాసనే వేరు. వాకిట్లో నిలబెట్టి తాడు లాగాడు. లాగాడు. మళ్ళీ లాగాడు. పద్నాలుగోసారికి అది దగ్గి, గర్జించి, ఇల్లంతా నీలం పొగ నింపింది. నాన్న మొహం పెళ్ళికొడుకులా వెలిగింది.

ఇక పెట్రోలు. బంకులో సీసాల్లో పొయ్యరు. అందుకని స్కూటర్ టాంకులోంచి పైపు పెట్టి లాగాడు. ఇలాంటి ఇంజిన్లకి పెట్రోల్లో పోసే టూటీ ఆయిల్ అందులో కలిపాడు. బోటులో ప్రతి చుక్కా కొలిచి పోసే మనిషి, ఇంటికొస్తే మాత్రం కంటి కొలతే.

నా బ్యాటరీ సరిగ్గా శుక్రవారం సాయంత్రం దిగింది. ఛార్జింగ్ పెట్టిన గంటకే కరెంటు పోయింది. శనివారం పొద్దున వచ్చింది, మళ్ళీ పోయింది. బ్యాటరీ మీద ఛార్జింగ్ ఎంతుందో చూపించే నాలుగు లైట్లుంటాయి. వాటిలో రెండే వెలిగాయి. పైగా పొద్దుటినుంచీ ఒకటే వాన. మధ్యాహ్నం రెండింటికి తెరిపిచ్చింది. నాన్న పట్టీ భుజానికేసుకుని పెరట్లోకి బయల్దేరాడు.

"ముందు దారి కొయ్యి నాన్నా! వాళ్ళు నడిచేది అక్కడ," అన్నాను.

"జెర్రిల కొంప ఎనకాల ఉంది. ముందు కొంప మీద పడాలి. ఫోన్ సూసుకో నువ్వు."

ఇంజిన్ మొదలైంది. ఒక్క మాట నిజాయితీగా చెప్తాను, ఆ మిషన్ కోయడం చూస్తే కడుపు నిండిపోతుంది. నడుమెత్తు గడ్డి నిలువునా కూలిపోయింది. కానీ నానమ్మ వెనక గుమ్మంలో నిలబడి, "ఒరే, దారి! దారి ముందు!" అని గొంతు పోయేలా అరిచినా ఆయనకి వినబడలేదు. చెయ్యి ఊపితే, మెచ్చుకుంటోందనుకుని తిరిగి చెయ్యి ఊపాడు.

నా తప్పు కూడా చెప్పేస్తాను. అప్పుడు నేను ఆ రెండు లైట్లతో దారి మొదలుపెట్టాల్సింది. పెట్టలేదు. పెట్రోల్ మిషన్ నడిపేవాడికి కన్నతల్లి అరుపు కూడా వినబడదని సాక్ష్యం కోసం వీడియో తీస్తూ కూర్చున్నాను. చక్కటి వీడియో. నాలుగు నిమిషాలుంది.

నాలుగు గంటలకి పెట్రోల్ మిషన్ రెండుసార్లు వెక్కి ఆగిపోయింది. పెరడు నున్నగా గుండు గీసినట్టుంది. గేటు నుంచి వరండా దాకా మోకాలెత్తు గడ్డి అలాగే ఉంది. పెట్రోలు చుక్క లేదు. బంకుకి వెళ్ళాలంటే స్కూటర్ కావాలి. స్కూటర్లో పెట్రోలు మిషన్ తాగేసింది. నాన్న స్కూటర్ వైపు, మిషన్ వైపు, మళ్ళీ స్కూటర్ వైపు చూశాడు. ఇంజిన్ల మధ్యే బతికినవాడు, రెండు ఇంజిన్ల మధ్య ఎండిపోయాడు.

నానమ్మ ఎవర్నీ తిట్టలేదు. ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని వరండాలో కుర్చీలు సర్దుతోంది. ఆ సర్దుడు చూసి ఫోన్ పక్కన పడేశాను. బ్యాటరీ బిగించి వరండా మెట్ల దగ్గర్నుంచి గేటు వైపు కోసుకుంటూ బయల్దేరాను. తడి గడ్డి. ప్రతి రెండడుగులకీ చక్రానికి చుట్టుకుంటుంది. ఆపి, లాగి, మళ్ళీ నొక్కాలి. సగం దారి వచ్చానో లేదో, మబ్బు చూసి భయపడి అందరూ ముందే వచ్చేశారు. గేటు బయట పదిహేను గొడుగులు. అన్నిటికన్నా ముందు ఆంటీ.

"పెద్దమ్మా, నేల కనబడట్లేదు," అంది, ఒక్క అడుగు కూడా లోపల పెట్టకుండా.

నానమ్మ వరండాలో అలాగే నిలబడిపోయింది. చేతిలో కుర్చీ ఉంది, దించడం మర్చిపోయింది.

పాస్టర్ గారు గొడుగు కిందనుంచి ఆవిణ్ణి చూశారు. నన్ను చూశారు. నా చేతిలో మిషన్ చూశారు.

"పర్వాలేదు, ప్రారంభ ప్రార్థన ఇక్కడే చేసుకుందాం. అందరూ కళ్ళు మూసుకోండి," అన్నారు.

ఆయన ప్రారంభ ప్రార్థన ఎంతసేపుంటుందో మా సంఘంలో పసిపిల్లలకి కూడా తెలుసు. పొయ్యి మీద అన్నం పెట్టి రావచ్చు. నానమ్మ కుర్చీ దించి, కళ్ళు మూసుకునే ముందు నావైపు చూసి గడ్డం ఎగరేసింది. కొయ్యి, అని.

బటన్ నొక్కాను. పెద్ద తుమ్మెద తిరుగుతున్నట్టు సన్నటి మోత, అంతే. పాస్టర్ గారు గొంతు ఒక మెట్టు పెంచారు. మా వీధికోసం ప్రార్థించారు, నేను మూడడుగులు కోశాను. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకోసం ప్రార్థించారు, ఇంకో నాలుగడుగులు. సముద్రం మీద ఉన్న ఓడలకోసం ప్రార్థిస్తుండగా ఒక లైటు ఆరింది. సముద్రం అవతల ఒడ్డున చదువుకునే పిల్లల దగ్గరికొచ్చేసరికి రెండోది మిణుకుమిణుకుమంది. చక్రం నెమ్మదించి, ఆగిపోయింది. గేటుకి ఇంకా ఆరడుగులుంది. పాస్టర్ గారు ప్రభుత్వాల దాకా వచ్చేశారు. ప్రభుత్వాల తర్వాత ఇక ఆమేనే.

వెనక ఏదో కదిలింది. తిరిగి చూస్తే నాన్న. చంకలో చుట్టచుట్టిన పెద్ద చాప. ఆయన ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని, మిగిలిన ఆరడుగుల గడ్డినీ కాళ్ళతో తొక్కి, దాని మీద చాప పరిచేశాం. మిషన్‌ని నీళ్ళ డ్రమ్ము వెనక్కి తోశాను. నాన్న వరండా స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆమేన్.

ఆంటీ కళ్ళు తెరిచి కిందకి చూసింది. వరండా దాకా నేల కనబడుతోంది. కాళ్ళ ముందు చాప.

"గేటు కాడ సాపేటి పెద్దమ్మా?"

"పాస్టర్ గారొస్తే సాప ఎయ్యకూడదేటి?" అంది నానమ్మ, రెప్ప వెయ్యకుండా.

ఆంటీ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని అడుగు పెట్టింది. చాప కింద గడ్డి పరుపులా అణిగి, మళ్ళీ లేచింది. ఆవిడ ఆగింది. ఇంకో అడుగేసింది. వెనకాల మిగతా అందరూ పరుపు మీద నడిచినట్టు ఊగుతూ లోపలికొచ్చారు. ఆ రోజు పాటలు మా సందు చివరిదాకా వినబడ్డాయి. నానమ్మ గొంతు అందరికన్నా పైన ఉంది.

టీలయ్యాక ఆంటీ ఫోన్ తీసి లిస్టులో మా ఇంటిని దాని పాత వరసలో రాసి గ్రూపులో పెట్టింది. నేను చదవబోతే నానమ్మ నా ఫోన్ లాక్కుని, అక్షరం రాకపోయినా, ఆ తెరనే చాలాసేపు చూసుకుంది.

వెళ్ళేటప్పుడు ఆంటీ గేటు దగ్గర నన్ను పక్కకి పిలిచింది. చాప అంచు చెప్పుతో కొంచెం ఎత్తి, కిందకి చూసి, దించేసింది.

"ఆ డ్రమ్ము ఎనకాల పెట్టేవు సూడు, పచ్చది, ఆ మిషన్ వచ్చే శనివారం మా ఇంటికి పంపు. ఫుల్ చార్జింగ్ పెట్టి మరీ పంపు."

ప్రార్థనలో ఆవిడ కళ్ళు ఎంతసేపు మూసుకుని ఉన్నాయో నేను అడగలేదు. అడిగితే నా సంగతి కూడా వస్తుంది.

ఇప్పుడు మా నాన్న ఏమంటున్నాడంటే, పెరడంతా కోసింది పెట్రోల్ మిషన్, బ్యాటరీ మిషన్ కోసింది బోడి దారి, అందులో కూడా ఆరడుగులు చాప పుణ్యమే అని. ఒప్పుకుంటాను. పెరడు ఆయనదే. చాప కూడా ఆయనదే. కానీ ఆ రోజు గేటు బయట పదిహేను మంది కళ్ళు మూసుకుని నిలబడ్డారు, పాస్టర్ గారు ఓడలకోసం ప్రార్థిస్తున్నారు. ఆ నిశ్శబ్దంలో పద్నాలుగుసార్లు తాడు లాగి, నీలం పొగ వదిలి, మా నానమ్మ కూటాన్ని నిలబెట్టే పెట్రోల్ మిషన్ మీలో ఎవరి దగ్గరైనా ఉందా, ఉంటే తెచ్చి చూపించే దమ్ముందా?