మా కొట్టులో కుంటిబల్ల

బర్మాలో బోటాటౌంగ్ రేవు పక్క సందులో ఉన్న కల్లుకొట్టు మా మావగారు పెట్టింది. ఆయన పోయాడు, ఆ తరవాత మా ఆయనా పోయాడు, ఇప్పుడు కొట్టు నాదే. అందులో కూచోడానికి ఉన్నది ఒకటే పొడుగుబల్ల, దానికి ఒక కాలు పొట్టి. మావగారు కావాలనే అలా కోయించాడు. తాగినోడు బల్ల మీంచి జారి పడ్డాడంటే ఆ రోజుకి వాడికి కల్లు ఆపేయాలి. బర్మావోళ్ళయినా మనోళ్ళయినా అదే చట్టం. పడ్డోడు నన్ను తిట్టడు, బల్లని తిట్టుకుంటా ఇంటికెళ్తాడు.

వడ్రంగం పని చేసే మా అల్లుడు ఓ పొద్దున్న జాలిపడి ఆ కాలికి చెక్క అతికేశాడు. ఇంక చూడండి, పడేవోడు లేడు, లేచేవోడూ లేడు. వారం తిరక్కుండా పేటలో ఆడోళ్ళు తాళంకప్ప పట్టుకుని మరీ నా గుమ్మంలోకి వచ్చారు.

"ఏటప్పా, మా మొగుళ్ళకి నీ కొట్టే ఇల్లయిపోనాదా? ఈ రాత్రీ ఇలాగే ఉంటే తలుపుకి మేవే తాళం ఏసీస్తాం!"

ఆ కొట్టు మూస్తే నాకు కూడు లేదు. వాళ్ళ ఎదురుగానే రంపం తెచ్చి ఆ చెక్క కోసి పారేశాను.

సాయంత్రం అల్లుడు, సంగతి తెలీక, దర్జాగా వచ్చి కూచున్నాడు. రెండో ముంత సగంలో ఉండగా దబ్బున కింద పడ్డాడు.

"అత్తా, బల్ల కదిలిపోనాది!"

"బల్లకేటీ అవలేదు నాయనా. లేచి ఇంటికెళ్ళు, మా పిల్ల ఎదురుచూస్తంది."

గుమ్మంలో కాపలా ఉన్న ఆడోళ్ళు పగలబడి నవ్వారు. ఒకామె తాళంకప్పని కొంగున ముడేసుకుని, తన మొగుడు ఎప్పుడు పడతాడా అని అక్కడే చతికిలబడింది.